తీగకు అవతల మనిషి

తెనాలి,
సెప్టెంబరు, 2025

బుజ్జమ్మా, మొన్న ఆదివారం ఫోనులో ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఏడేళ్ళు జనాల పాస్‌వర్డులు మార్చడంలోనే పోయాయి నాన్నా, ఇప్పుడు ఈ వయసులో అఆలు దిద్దుతున్నాను" అన్నావు, అంతలోకే చిన్నవాడు పాలు ఒలకబోశాడని పరిగెత్తావు, ఫోను పెట్టేశావు, ఆ మాట మాత్రం ఇక్కడ నా దగ్గరే ఉండిపోయింది. నాలుగు రోజులుగా దాన్నే పట్టుకుని తిరుగుతున్నాను. నోటితో చెబితే "సర్లే నాన్నా" అని నవ్వేస్తావు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఎదురింటి కుర్రాడు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతానన్నాడు. అక్షరాలు కాస్త వణుకుతాయి, సర్దుకుని చదువుకో తల్లీ.

వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకోవడానికి నువ్వు కాలేజీలో చేరిన సంగతి పొద్దున నడకకు వచ్చే మా వాళ్ళందరికీ ఆ వారమే చెప్పేశాను. "ఏ యూనివర్సిటీ?" అని అడిగారు. యూనివర్సిటీ కాదు, ఫ్రిస్కోలో ఇంటికి దగ్గర్లోనే ఉన్న కమ్యూనిటీ కాలేజీ అన్నాను. ఒకాయన "ఓహో" అన్నాడు, ఆ ఓహోలో ఏముందో నాకు తెలుసు, ఎందుకంటే మన ఇళ్ళలో అమెరికా చదువంటే ఎమ్మెస్ ఒక్కటే చదువు, మిగిలినదంతా చదువు కిందికి రాదు. నేను మాత్రం బెంచీ మీద కూర్చోబెట్టి వివరంగా చెప్పాను, నువ్వు నాకు చెప్పినదంతా: 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియట్ అనే ఊళ్ళో ఆరుగురంటే ఆరుగురు పిల్లలతో ఇలాంటి కాలేజీ మొదలైందనీ, ఇప్పుడు దేశమంతా ఉన్నాయనీ, ర్యాంకు అడగరనీ, వయసు అడగరనీ, పగలు పనిచేసుకునేవాళ్ళ కోసం రాత్రి క్లాసులుంటాయనీ, ఒకే గదిలో పద్దెనిమిదేళ్ళ పిల్లాడూ, సైన్యం నుంచి వచ్చినవాడూ, మనవలున్న ఆవిడా పక్కపక్కన కూర్చుని చదువుతారనీ. మీ కాలిన్ కాలేజీ 1985లో పెట్టారటగా, అంటే నీకంటే మూడేళ్ళే పెద్దది. "తలుపు మూయని బడి అన్నమాట" అన్నాడు ఆ ఓహో అన్న పెద్దమనిషే చివరికి. నాకా మాట నచ్చింది.

తలుపు అనగానే నాకు 2005 గుర్తొస్తుంది. ఎంసెట్ ర్యాంకు కాగితం మడతపెట్టి నా ముందు పెట్టావు, నేను మేనేజ్‌మెంట్ సీటు డబ్బు లెక్కలు వేసుకుంటూ రెండు రాత్రులు నిద్రపోకుండా ఉంటే, మూడోనాడు పొద్దున్నే నువ్వే కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, "బీఎస్సీ చేస్తాలే నాన్నా, కంప్యూటర్స్ ఉందిగా అందులో కూడా" అన్నావు, అదేదో నీకు మొదటినుంచీ ఉన్న కోరికే అయినట్టు. నాకు తెలియదనుకున్నావు. పక్కింటమ్మాయి ఇంజనీరింగ్ పుస్తకాలు నువ్వు తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టేయడం నేను చూశాను బుజ్జీ. ఆ తర్వాత పెళ్ళి, ప్రయాణం, అక్కడికి వెళ్ళాక అల్లుడుగారి వీసా మీద వెళ్ళినదానివి కాబట్టి ఉద్యోగం చేయకూడదంటే ఖాళీగా ఇంట్లో కూర్చున్న ఆ మొదటి మూడేళ్ళూ. రోజూ ఫోను చేసి "ఏం వండావమ్మా" అని మీ అమ్మను అడిగేదానివి, వంట సంగతి నీకెందుకో మాకు అర్థమయ్యేది. 2015 మేలో అలాంటివాళ్ళు కొందరు పనిచేసుకోవచ్చని అక్కడి ప్రభుత్వ ఉత్తర్వు అమలులోకి వచ్చిందని నువ్వు ఫోనులో అరిచిన అరుపు మీ అమ్మకి వంటింట్లోకి వినపడింది. ఆ తర్వాత చిన్నవాడు పుట్టడం, వాడికి రెండేళ్ళు నిండాక స్కూళ్ళ ఆఫీసులో హెల్ప్ డెస్క్ ఉద్యోగం. మొదటి నెల జీతంతో నాకు పంపిన చొక్కా ఇప్పటికీ తొడుక్కుంటున్నాను, కాలరు ఒకసారి తిరగేయించాను, అంతే.

ఇప్పుడు ముప్పై ఏడేళ్ళకు క్లాసులో కూర్చుంటే సిగ్గుగా ఉందన్నావు. నువ్వు పుట్టిన ఏడు, 1988లో, నేను కూర్చున్నాను తల్లీ, అప్పటికి నాకు ముప్పై ఆరు. నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు ఈ కథ.

1974లో టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో చేరినప్పటి నుంచీ నాకు తెలిసినది ఒక్కటే ఎక్స్ఛేంజి, స్ట్రౌజర్ ఎక్స్ఛేంజి. నువ్వు చూసి ఉండవు. మనిషి అంకె తిప్పితే ఆ అంకెకు తగినట్టు సెలెక్టరు టకటకమని మెట్లెక్కి, పక్కకు తిరిగి, వెతుక్కుని వెళ్ళి ఆగేది. గదిలో వందల సెలెక్టర్లు ఒకేసారి కదులుతుంటే వడగళ్ళవాన రేకుల మీద పడినట్టుండేది, ఆ చప్పుడులో ఒక్కటి తడబడినా కళ్ళు మూసుకుని ఏ వరసలో ఏదో చెప్పేవాణ్ణి. (ఆ యంత్రం కనిపెట్టిన స్ట్రౌజర్ కూడా మీ అమెరికావాడే, కాన్సస్ సిటీలో శవ సంస్కారాల వ్యాపారం చేసుకునేవాడు, 1891లో పేటెంటు పుచ్చుకున్నాడు. పని మార్చుకున్నవాడు కనిపెట్టిన యంత్రం మీద నేను బతికాను.) అలాంటిది, సీ-డాట్ సంస్థ వాళ్ళ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాయి, పల్లెలకు నూట ఇరవై ఎనిమిది లైన్ల పెట్టె, బీరువా అంత కూడా లేదు, ఏసీ అక్కర్లేదు, మన ఎండకీ దుమ్ముకీ తట్టుకునేట్టు ఇక్కడివాళ్ళే తయారుచేశారు, 1986లో మొదటిది కర్ణాటకలో కిత్తూరులో పెట్టారు. దాని ట్రైనింగుకి నన్ను హైదరాబాదు పంపారు. పెట్టె ముందు నిలబడి చెవి పెట్టాను. చప్పుడు లేదు. బుజ్జమ్మా, పద్నాలుగేళ్ళు చెవితో నేర్చుకున్న విద్యంతా ఆ మౌనం ముందు ఎందుకూ కొరగాదేమో అనిపించింది, ఆ రాత్రి హాస్టలు గదిలో దుప్పటి కప్పుకుని, ఉద్యోగం వదిలేసి మీ తాతయ్య పొలానికి వెళ్ళిపోదామా అని కూడా అనుకున్నాను, మీ అమ్మకి ఆ మాట ఈ ఉత్తరం చదివితేనే తెలుస్తుంది.

నాతోపాటు కూర్చున్నవాళ్ళందరూ డిప్లొమా పిల్లలు, ఇరవై రెండూ ఇరవై మూడూ. సున్నా ఒకటి లెక్కలు వాళ్ళకి మంచినీళ్ళు. మొదటి వారమంతా నేను తల ఊపాను, అర్థమైనట్టు. రెండో వారం నా పక్కన కూర్చునే కర్నూలు కుర్రాడు, నేను నోట్సులో ఏమీ రాయకపోవడం చూసి, రాత్రి భోజనాలయ్యాక ఒక అగ్గిపెట్టె పట్టుకొచ్చి, పుల్ల ఉంటే ఒకటి, పుల్ల లేకపోతే సున్నా అని బల్ల మీద పేర్చి పేర్చి నేర్పాడు. నాకు తెలియదన్న సంగతి క్లాసులో ఎవరికీ తెలియనివ్వలేదు. దానికి బదులుగా నేనేం చేశానంటే, ట్రైనింగు అయి అతను మొదటి పోస్టింగుకి వెళ్ళే ముందు, వాన పడ్డాక తీగ ఎక్కడ తడుస్తుందో, రైతు ఫోను పనిచేయడం లేదన్నాడంటే ముందు ఫోను కాదు అతని ముఖం ఎలా చూడాలో చెప్పాను. ఈమధ్య నీ పక్కన కూర్చునే మెక్సికో కుటుంబం పిల్లాడు నీకు కోడులో ఎక్కడ బ్రాకెట్టు మర్చిపోయావో చూపించాడనీ, నువ్వు వాడికి ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో చెప్పావనీ అన్నావు చూడు, అప్పుడు నాకు ఆ అగ్గిపుల్లలు కళ్ళముందు మెదిలాయి. ఆ పిల్లాడికి ఒకసారి పులిహోర పట్టుకెళ్ళు. చెప్పనక్కర్లేదు, ఇదివరకే పట్టుకెళ్ళి ఉంటావు.

ఇక ఏడేళ్ళు పోయాయన్న మాట. దానికి 1995 ప్రాంతానికి వెళ్ళాలి. మనింటికి డిపార్ట్‌మెంటు వాళ్ళిచ్చిన నల్ల ఫోను ఒక్కటే ఆ వీధికంతటికీ, అందరి ఉత్తరాల మీదా మన నంబరే, పక్కన పి.పి. అని రాసుకునేవాళ్ళు. మామూలు మనిషి ఫోను కావాలంటే డిపాజిట్టు కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం చూసే రోజులవి. ఫోను మోగితే పరిగెత్తేదానివి నువ్వే, ఏడేళ్ళ పిల్లవి, "పిన్నిగారూ మీకు ఫోనూ" అని వీధి చివర దాకా గౌను ఎగురుతూ. ఆ చివరింటి మామ్మగారి కొడుకు బొంబాయి నుంచి నెలకోసారి చేసేవాడు. ఆవిడ రిసీవరు ప్రతిసారీ తలకిందులుగా పట్టుకునేది, వినపడక గాభరాపడి కేకలేసేది. పెద్దవాళ్ళం మేమే ముఖాలు తిప్పుకుని నవ్వుకునేవాళ్ళం. నువ్వు నవ్వలేదు. స్టూలు ఎక్కి, ఆవిడ చేతిలో రిసీవరు తిప్పి చెవికి ఆనించి, తీగ మెలి తీసి, "ఇప్పుడు వినపడుతోందా మామ్మా" అని అడిగి, వినపడుతోందని ఆవిడ ముఖంలో చూశాకే దిగేదానివి. నెల తర్వాత మళ్ళీ ఆవిడ అలాగే పట్టుకుంటే, మళ్ళీ అలాగే, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేదానివి. "పోయినసారి చెప్పానుగా" అన్న మాట నీ నోట నేను వినలేదు.

అందుకే 2020 మార్చిలో స్కూళ్ళన్నీ మూసేసి పిల్లలకి ఇళ్ళకే లాప్‌టాప్‌లు పంచి, టీచర్లందరూ ఒక్క వారంలో తెర ముందు పాఠం చెప్పడం నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ పెద్దావిడ, ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి చెప్పిన టీచరమ్మ, మైకు నొక్కడం రాక నీకు ఫోను చేసి ఏడ్చిందని, నువ్వు గంటన్నర సేపు లైనులోనే ఉండి, టికెట్టు మూసేయమని పైనుంచి మెసేజీలు వస్తున్నా మూయకుండా, నువ్వే ఒకటో తరగతి పిల్లలా అటువైపు కూర్చుని ఆవిడ చేత ఒక పాఠం చెప్పించుకున్నావని నువ్వు చెప్పినప్పుడు, నేను ఆశ్చర్యపోలేదు. స్టూలు ఎక్కిన పిల్లే కదా అనుకున్నాను. ఆ ఏడేళ్ళలో నువ్వు ఎన్ని వేలమంది గొంతులు విన్నావో ఒకసారి ఆలోచించు. మనిషి ఎక్కడ ఆగిపోతాడో, ఏ మాట చదివి భయపడతాడో, తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఏ అబద్ధం ఆడతాడో, "నేనేం నొక్కలేదండీ" అన్నప్పుడు ఏం నొక్కి ఉంటాడో నీకు తెలుసు. ఆ క్లాసులో నీకంటే వేగంగా కోడు రాసే పిల్లలకి ఇది తెలియదు, తెలియడానికి వాళ్ళకింకా చాలా ఫోన్లు ఎత్తాల్సి ఉంది.

నీ ఆవకాయ పేజీ సంగతి కూడా చెప్పాలి. మొదటి సెమిస్టరులో నీకు నచ్చిన విషయం మీద ఒక పేజీ చేయమంటే నువ్వు మీ అమ్మ ఆవకాయ కొలతలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టి లింకు పంపావు. మీ అమ్మ మూడు రోజులు వీధంతా చూపించింది. నేను చదువుదామని తెరిస్తే, అక్షరాలు లేత బూడిద రంగు, నా కళ్ళకి ఆనలేదు; వరసలు దగ్గరగా ఉండి పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చున్నాయి, 'ముక్కలు' కింద 'కిలో' నలిగిపోయింది; కొలతలు చూడమన్న బటన్ నా బొటనవేలి కింద మాయమైపోయి, నేను నొక్కితే ఇంకేదో తెరుచుకుంది. నీకు చెప్పాలా వద్దా అని మథనపడ్డాను, కష్టపడి చేసుకున్నావు కదా అని. చెప్పాక నువ్వు నొచ్చుకోలేదు సరికదా, అర్ధరాత్రి దాకా కూర్చుని సరిచేశావు, తెలుగుకి వరసల మధ్య ఇంగ్లీషుకంటే ఎక్కువ ఎడం కావాలనీ, అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం నాలుగున్నర రెట్లుండాలని నియమం ఉందనీ, మీ మాస్టారు చెప్పినప్పుడు ఏదో లెక్కలా విన్నాననీ, ఇప్పుడు అది నాన్న కళ్ళు అనిపించిందనీ అన్నావు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మన ఎన్‌క్వైరీ మాస్టారు నీకు గుర్తున్నారా? చూపు లేని ఆపరేటరు గారు. నువ్వు స్కూలు నుంచి రాగానే ఎన్‌క్వైరీకి ఫోను చేసి "మా నాన్న ఉన్నారా అండీ" అంటే, నువ్వు 'మా' అనేసరికే "బుజ్జమ్మా, మీ నాన్న స్తంభం మీదున్నాడు తల్లీ, అన్నం తినేసెయ్" అనేవారు. ఊళ్ళో వాళ్ళ నంబర్లన్నీ ఆయన తలలో ఉండేవి. ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నారు, కొడుకు దగ్గర ఉంటున్నారు, ఫోనులో ఉన్నదంతా పైకి చదివి వినిపించే ఏర్పాటు ఉంది, దాంతోనే పేపరు వింటారు. ఆయన దగ్గరికి నీ పేజీ పట్టుకెళ్ళాను. మొదట ఆ గొంతు మన తెలుగుని ఇంగ్లీషువాడు చదివినట్టు ఏదో ముక్కలు ముక్కలుగా పలికింది. తర్వాత జాడీ ఫోటో దగ్గరికి వచ్చి "ఐఎమ్‌జీ నాలుగు సున్నా మూడు రెండు" అంది. మాస్టారు నవ్వి, "ఇదేం ఊరగాయరా?" అన్నారు.

నీకు ఫోను చేసి చెబితే నువ్వు అటునుంచి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నావు, ఇది తెలుగు పేజీ అని లోపల ఒక చిన్న గుర్తు పెట్టాలట, అది మర్చిపోయానని, బొమ్మ చూడలేనివాళ్ళ కోసం బొమ్మలో ఏముందో మాటల్లో రాయాలి, అదీ రాయలేదని. రెండో రోజు మళ్ళీ వెళ్ళాను. ఈసారి శుభ్రంగా తెలుగు పలికింది, ఫోటో దగ్గరికి వచ్చి, "నూనె తేలిన ఆవకాయ జాడీ, మూతికి తెల్లగుడ్డ బిగించి కట్టి ఉంది, పక్కన మా అమ్మ చేయి" అని చదివింది. మాస్టారు దాన్ని మళ్ళీ చదివించుకున్నారు. మూడోసారి కూడా. "మా అమ్మ కూడా గుడ్డ కట్టేది, పాత పంచె చింపి" అన్నారు, తర్వాత మరి కాసేపు ఆయనేం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. బుజ్జీ, ఒక్క వాక్యం రాశావు నువ్వు. దానికి నీకు మార్కులు ఎన్ని వచ్చాయో నేను అడగలేదు, అడగను కూడా.

ఇంటర్నెట్టులో ఈ పేజీల విద్య కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1989లో ఆ ఆలోచన కాగితం మీద పెట్టాడనీ, 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దాన్ని ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేకుండా లోకానికి వదిలేసిందనీ నువ్వు చెప్పావు. ఫోను కోసం ఏళ్ళు ఆగినవాళ్ళ ముఖాలు చూసిన నాకు ఆ మాట ఎంత పెద్దదో నీకు చెప్పలేను. తెనాలిలో కూర్చున్న చూపులేని మనిషి ఫ్రిస్కోలో ఉన్న పిల్ల మాటల్లో పెట్టిన గుడ్డను చూశాడంటే అందుకే కదా.

ఇదంతా రాస్తుంటే 1977 నవంబరు గుర్తొస్తోంది. దివిసీమ ఉప్పెన. నాకప్పటికి మూడేళ్ళ సర్వీసు. స్తంభాలు పడిపోయాయి, తీగలు ఎక్కడివక్కడ తెగి బురదలో కూరుకుపోయాయి, మేమంతా రోజుల తరబడి ఆ బురదలోనే లైన్లు లాగాం. మా పెద్ద లైన్‌మన్ ఒకాయన, చదువు పెద్దగా లేదు, ఒక లైను కలిసిన ప్రతిసారీ "పనిచేస్తోంది" అని రాసుకుని ముందుకు పోయేవాడు కాదు, అక్కడ నిలబడ్డవాళ్ళలో ఒకణ్ణి పిలిచి, "ఎవరితో మాట్లాడాలయ్యా?" అని అడిగి, వాడి మనిషి గొంతు వాడికి వినిపించాకే సామాను ఎత్తమనేవాడు. ఆలస్యమవుతోందని నేను విసుక్కుంటే, "లైను కలవడమంటే తీగ కలవడం కాదురా" అన్నాడు. ఇరవై అయిదేళ్ళవాణ్ణి, అప్పుడు అర్థం కాలేదు. నిన్ను స్టూలు మీద చూసినప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నీకున్న రెండో భయం. కోడు ఇప్పుడు యంత్రమే రాసేస్తోందనీ, నేర్చుకుని బయటకు వచ్చేసరికి ఉద్యోగాలుంటాయో ఉండవో అనీ అన్నావు, అల్లుడుగారి ఆఫీసులో కూడా ఆ మాటే వినపడుతోందన్నావు. ఏమీ కాదులే అని నేను రాయను తల్లీ. 2013 జూలైలో టెలిగ్రామ్ ఆగిపోయిన రోజులు చూశాను, నేను రిటైరైన మరుసటి ఏడే. నా స్నేహితుడు ఒకడు మోర్స్ కొట్టడంలో మా సర్కిల్లో ఎన్నదగినవాడు. వాడి విద్య వాడి వేళ్ళలోనే మిగిలిపోయింది, ఇప్పటికీ మాట్లాడుతుంటే కుర్చీ చేతి మీద వేలు ఆడుతుంటుంది. ట్రంకు బోర్డుల దగ్గర కూర్చున్న ఆడపిల్లలు ఎస్టీడీ వచ్చాక వేరే సీట్లకు వెళ్ళారు, కొందరు కుదురుకున్నారు, కొందరు కుదురుకోలేకపోయారు. ఇవన్నీ చూసిన తర్వాత కూడా నీకు ధైర్యం చెప్పడానికి లేనిది కల్పించను. నేను చూసినది మాత్రం చెబుతాను: కుదురుకున్నవాళ్ళు బోర్డు మాత్రమే తెలిసినవాళ్ళు కాదు, కాల్ బుక్ చేసుకున్న మనిషి ఎందుకు కంగారుగా ఉన్నాడో తెలిసినవాళ్ళు. ఆ యంత్రం రాసిన పేజీ కూడా ఎవరో ఒకరు మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళి వినిపించాలి కదా. హెల్ప్ డెస్క్ ఉద్యోగం అప్పుడే మానేయవద్దని అల్లుడుగారన్న మాట సబబుగానే ఉంది, చదువు పూర్తయ్యే దాకా అది ఉండనీ. వారానికి రెండు క్లాసులే తీసుకో, మూడు వద్దు. ఆలస్యమైతే అవనీ.

మొన్న నువ్వు ప్రాక్టీసుకని చేసిన స్కూలు ఫారమ్‌లో తప్పు పుట్టినతేదీ వేస్తే ఎర్రటి అక్షరాలతో "చెల్లదు" అని వచ్చేదాన్ని తీసేసి, "తేదీ ఇలా రాయండి" అని ఉదాహరణ పెట్టానన్నావు. మీ మాస్టారు మెచ్చుకున్నారన్నావు. ఆ మాస్టారుకి నా నమస్కారం చెప్పు. పగలు కంపెనీలో పనిచేసి రాత్రి వచ్చి పాఠం చెబుతారట కదా, ఆయనకి కూడా ఇంట్లో ఎదురుచూసేవాళ్ళుంటారు.

చిన్నవాడు నీ పక్కన కూర్చుని హోంవర్కు చేస్తున్నాడనీ, "అమ్మకి కూడా హోంవర్కు ఉంది" అని స్కూల్లో చెప్పాడనీ మీ అమ్మ చెప్పుకుని చెప్పుకుని మురిసిపోతోంది. వాడు పడుకున్నాక నువ్వు రెండింటి దాకా కూర్చుంటున్నావని కూడా వాడే చెప్పాడు, దాచాలని వాడికి తెలియదుగా. కళ్ళు మంటలని చుక్కల మందు వేసుకుంటున్నావట. వేసుకోవడం కాదు, పడుకో. బాదంపప్పు పంపిస్తానంటే అక్కడ దొరుకుతుందంటావు, దొరికితే తిను మరి. ఉప్పు నువ్వు పేజీలో సోలెడు అని రాశావు, మీ అమ్మ కొలతకి అది కొంచెం తక్కువేనట, మార్చమంది, ఎన్‌క్వైరీ మాస్టారు కూడా విన్నారు కాబట్టి ఆయనకి మళ్ళీ వెళ్ళి చెప్పాలి.

మాస్టారు నిన్న కబురు చేశారు, ఈసారి పేజీ దేని మీద అని. మాగాయ అని చెప్పాను, నిన్ను అడగకుండానే. తప్పయితే దిద్దుకో.

మంగళ, గురువారాలు నీ క్లాసు అయిపోయి ఆ పెద్ద రోడ్డు మీద కారులో ఇల్లు చేరేసరికి అక్కడ రాత్రి పది అవుతుంది, ఇక్కడ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. నవంబరులో మీరు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక ఇక్కడ తొమ్మిదిన్నర అవుతుంది, ఇంటి క్యాలెండరు మీద రాసి పెట్టుకున్నాను. ఆ వేళకి నేను వరండాలో ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటాను, మీ అమ్మ పేపరు చదువుతున్నాననుకుంటుంది. అలసిపోయి ఉంటావు, మాట్లాడనక్కర్లేదు. కారు తాళం బల్ల మీద పెట్టాక ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు తల్లీ. రెండు రింగులు చాలు.

ఇట్లు
మీ నాన్న